అమ్మకి, హెర్వీ బే తిమింగలాల గురించి

బ్రిస్బేన్,
మే 18

అమ్మకి, నాన్నకి నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ అగ్నినక్షత్రం ఎండలు మొదలయ్యాయని నాన్న చెప్పారు. మధ్యాహ్నం పూట గుడికి బయల్దేరకు అమ్మా, సాయంత్రం వెళ్తే చాలు.

ఈ విషయం ఫోన్‌లోనే చెప్పొచ్చు. కానీ నేను సముద్రం అనగానే నువ్వు "ఉండు, నాన్నకిస్తా" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. బళ్ళో అరవం చదువుకున్న నాకు, సాయంత్రాలు పలక పట్టుకుని తెలుగు దిద్దించింది నువ్వే. కాబట్టి ఇది నువ్వే చదవాలి, నాన్న చేత చదివించుకోవద్దు. ఆయన మధ్యలో ఆగి తన అభిప్రాయాలు కలుపుతారు.

మీరు ఆగస్టు ఆఖరికి వస్తున్నారు కదా. సెప్టెంబరు రెండో వారంలో మనమందరం హెర్వీ బే వెళ్ళి, చిన్న కాటమరాన్ పడవలో తిమింగలాలను చూసి రావాలని నా కోరిక. నాన్న అడగ్గానే సరేనన్నారు. నువ్వు మాత్రం "మీరు వెళ్ళి రండి, నేను ఒడ్డున కూర్చుంటా" అన్నావు. నువ్వు ఒడ్డు దాకా వస్తాననడం కూడా చిన్న మాట కాదని నాకు తెలుసు.

2004 డిసెంబరు 26 సునామీ తర్వాత నువ్వు మెరీనా బీచిలో అడుగు పెట్టలేదు. తిరువల్లిక్కేణిలో ఇల్లు పెట్టుకుని, గుడి నుంచి కాస్త నడిస్తే ఇసుక వచ్చే చోట ఉండి కూడా వెళ్ళలేదు. మనకి రోజూ పూలు తెచ్చే ఆవిడ పట్టినప్పాక్కం శ్రీనివాసపురంలో ఉండేది. ఆ ఆదివారం తర్వాత ఆవిడ రాలేదు. చాలా రోజుల పాటు పొద్దున్నే నువ్వు గుమ్మంలోకి వచ్చి నిలబడడం నేను చూశాను. వేరే ఎవరి దగ్గరా పూలు కొననని పట్టుబట్టావు. అది పిరికితనం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. నిన్ను ఆ భయం వదిలెయ్యమని కూడా అడగను. ఆ భయాన్ని నీ వెంటే తెచ్చుకుని, మా పక్కన కూర్చోమని మాత్రమే అడుగుతున్నాను.

ముందు ఆ నీళ్ళ గురించి చెప్తాను. హెర్వీ బే మా ఊరికి ఉత్తరాన, కారులో మూడున్నర గంటల దూరం. దానికి సముద్రం వైపు అడ్డంగా ఒక పెద్ద దీవి ఉంది. ఇదివరకు ఫ్రేజర్ ఐలండ్ అనేవాళ్ళు. 2023లో అక్కడి ఆదివాసులైన బచల్లా ప్రజల పేరునే మళ్ళీ అధికారికంగా పెట్టారు, గర్రీ అని. 120 కిలోమీటర్లకు పైగా పొడవున్న ఆ దీవి అంతా ఇసుకే. ప్రపంచంలో అంత పెద్ద ఇసుక దీవి ఇంకొకటి లేదు. పసిఫిక్ నుంచి వచ్చే పెద్ద అలల్ని అది తన వీపు మీద కాస్తుంది. లోపలి వైపు ప్లాటిపస్ బే అనే చోట నీళ్ళు చాలా రోజులు నిశ్చలంగానే ఉంటాయి. మెరీనాలో ఒడ్డు మీద విరిగిపడే అల అక్కడ ఉండదు. గాలి ఎక్కువగా ఉన్న రోజు పడవ ఊగుతుంది, అది దాచను. మరీ ఎక్కువైతే వాళ్ళే ట్రిప్పు ఆపేసి ఇంకో రోజుకి మారుస్తారు.

ఇంకొక మాట. పసిఫిక్‌లో సునామీ హెచ్చరికలు 1949 నుంచే ఉన్నాయి. ఆ రోజు మన హిందూ మహాసముద్రానికి అలాంటిది లేదు. ఉండి ఉంటే శ్రీనివాసపురంలో ఎంతమంది ఇసుక దాటి పైకి వచ్చేవారో. ఇప్పుడు మనకీ ఉంది, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రంలో 2007 నుంచి పనిచేస్తోంది. ఇది నీకు ధైర్యం చెప్పడానికి రాయలేదు. నువ్వు ఎప్పుడూ అడిగే "ఎవరూ ఎందుకు చెప్పలేదు" అన్న ప్రశ్నకి ఇదొక్కటే నాకు తెలిసిన సమాధానం.

ఇక పడవ. మొదట మేము ఒక పెద్ద పడవలో వెళ్ళాం, వంద మందికి పైగా ఎక్కేది. తిమింగలం కుడివైపు కనపడితే జనమంతా కుడివైపుకి పరిగెత్తారు. ఎడమవైపు కనపడితే మళ్ళీ అటు. చింటూని భుజాల మీద ఎత్తుకున్నా వాడికి ముందువాళ్ళ టోపీలే కనపడ్డాయి. వాడు ఏడ్చాడు. నిన్ను అలాంటి తోపులాటలోకి తీసుకెళ్ళను. తర్వాత చిన్న కాటమరాన్ ఎక్కాం, ఇరవై పాతిక మంది ఉంటారేమో. ఎవరి చోటులో వాళ్ళు కూర్చునే అన్నీ చూడొచ్చు. పేరు అడిగి తెలుసుకుని, పేరు పెట్టే పిలుస్తారు. పెద్దవాళ్ళుంటే చెయ్యి పట్టి ఎక్కిస్తారు.

నాన్న కోసం కొంచెం వివరంగా రాస్తాను. కాటమరాన్ అంటే రెండు సన్నటి పడవల మీద ఒక వెడల్పాటి వరండా వేసినట్టు. కింద రెండు వైపులా ఆనుకుని ఉంటుంది కాబట్టి ఒక పక్కకి ఒరగడం తక్కువ. పక్క నుంచి అల కొడితే చిన్న చిన్న కుదుపులు వస్తాయి కానీ, మామూలు పడవలో ఉండే ఆ మెల్లటి ఊగుడు, కడుపులో తిప్పేది, చాలావరకు ఉండదు. ముందు వైపు ఆ రెండింటి మధ్యా గట్టి వల బిగించి ఉంటుంది. పిల్లలు దాని మీద బోర్లా పడుకుని కింద నీళ్ళు చూస్తారు. చింటూ అక్కణ్ణుంచి లేవడు. నీకు వల అక్కర్లేదు, వెనకాల నీడలో కుర్చీలుంటాయి.

యురాంగన్ అనే చోట రేవు. అక్కణ్ణుంచి తిమింగలాలు ఉండే చోటికి గంటకు పైనే పడుతుంది. ఆ దారంతా ఎడమవైపు నీళ్ళు, కుడివైపు దీవి తాలూకు తెల్లటి ఇసుక గట్టు. నాకు ఆ ప్రయాణమే సగం ఇష్టం.

గత సెప్టెంబరులో ఒక రోజు చూసింది నీకు పూర్తిగా చెప్పాలి. దూరంగా నీళ్ళ మీద తెల్లటి ఆవిరి లేచింది. కెప్టెన్ వేగం తగ్గించి, కాస్త దూరం పోయి, ఇంజన్‌ని న్యూట్రల్‌లో పెట్టేశాడు. అక్కడొక తల్లి, ఒక పిల్ల. హంప్‌బ్యాక్ జాతివి. తల్లి కదలకుండా నీటి పైపైన తేలుతోంది. విశ్రాంతి తీసుకుంటోందని చెప్పారు. పిల్ల మాత్రం తల్లి చుట్టూ తిరుగుతూ, వీపు ఎక్కుతూ, జారుతూ ఉంది. పుట్టినప్పుడే ఆ పిల్ల నాలుగు మీటర్లకు పైగా పొడవు, దాదాపు టన్ను బరువు ఉంటుందట. అయినా పిల్ల పిల్లే. రెండు మూడు నిమిషాలకోసారి ఊపిరికి పైకి వస్తుంది, తల్లి అంత తొందరగా రానక్కర్లేదు.

కొంతసేపటికి ఆ పిల్ల మమ్మల్ని చూడ్డానికే పడవ వైపు వచ్చింది. మాతో పాటు ఒక పెద్దావిడ ఉంది, చేతికర్రతో నడిచే మనిషి, పొద్దుటి నుంచి కుర్చీలోంచి లేవలేదు. పిల్ల సరిగ్గా ఆవిడ కూర్చున్న పక్కనే తల పైకెత్తింది. వెనకే తల్లి వచ్చి పడవ కింద నుంచి వెళ్ళింది. పద్నాలుగు మీటర్ల ఒళ్ళు మా కాళ్ళ కింద నుంచి జరుగుతుంటే పడవ కొంచెం కూడా కదల్లేదు అమ్మా. తను ఎక్కడుందో, పడవ ఎక్కడుందో దానికి అంత బాగా తెలుసు. ఊపిరి వదిలినప్పుడు తుంపర మా మొహాల మీద పడింది. చేపల కంపు కొట్టింది, అదీ నిజం. ఆ పెద్దావిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, పిల్ల కనపడినంతసేపూ దానితో మాట్లాడుతూనే ఉంది. అప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు. నువ్వైనా అలాగే మాట్లాడతావు.

తల్లి సంగతి వింటే నీకు మనసు కరుగుతుంది. ఎండాకాలం అంతా ఇవి అంటార్కిటికా దగ్గర క్రిల్ అనే చిన్న రొయ్యల్లాంటి వాటిని తిని ఒళ్ళు పెంచుకుంటాయి. చలికాలంలో వెచ్చటి నీళ్ళకి, గ్రేట్ బారియర్ రీఫ్ వైపు, సుమారు 5 వేల కిలోమీటర్లు ఈదుకుంటూ వచ్చి ప్రసవిస్తాయి. ఇక్కడ వాటికి తిండి దాదాపు ఉండదు. నెలల తరబడి ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే తను బతుకుతూ, పిల్లకి పాలిస్తుంది. ఆ పాలు చాలా చిక్కన. వెనక్కి అంటార్కిటికా వెళ్ళే దారిలో ఈ బేలో ఆగి, పిల్లకి కాస్త బలం వచ్చేదాకా ఉంటుంది. జులై ఆఖరు నుంచి అక్టోబరు దాకా ఇక్కడ తిమింగలాలు కనపడతాయి కానీ, తల్లీపిల్లలు ఎక్కువగా వచ్చేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. అందుకే నీకు సెప్టెంబరు అన్నాను.

పశ్చిమ ఆస్ట్రేలియాలో తిమింగలం పిల్లల ఒంటికి చిన్న రికార్డర్లు అతికించి చూశారట, 2017లో ఆ ఫలితాలు వచ్చాయి. తల్లితో ఉన్నప్పుడు పిల్లలు చాలా సన్నటి గొంతుతో శబ్దాలు చేస్తాయి, దూరానికి వినపడనంత మెల్లగా. వేటాడే ఓర్కా తిమింగలాల చెవిన పడకుండా ఉండడానికి కావచ్చని వాళ్ళ ఊహ. ఇది విన్నాక ఆ పడవలో గట్టిగా మాట్లాడాలనిపించదు.

అన్ని రోజులూ ఇలా ఉంటుందని చెప్పను. ఇంకో ట్రిప్పులో గంటల కొద్దీ తిరిగినా దూరం నుంచి రెండు వీపులు, ఒక తోక కనపడ్డాయి, అంతే. వెంటపడి చూపించరు, చూపించకూడదు. అలా వెంటపడనివాళ్ళనే నేను ఎంచుకున్నాను. ఇక్కడి చట్టం ప్రకారం పడవ తిమింగలానికి వంద మీటర్ల కన్నా దగ్గరికి పోకూడదు, డాల్ఫిన్‌కి యాభై. 300 మీటర్ల లోపలికి వస్తే వేగం బాగా తగ్గించాలి. ఎదురుగా వెళ్ళి దారి కాయకూడదు. అదే తనంతట తను దగ్గరికి వస్తే మనం కదలకుండా ఉండాలి. అంటే దగ్గరికి రావాలా వద్దా అన్నది దాని ఇష్టం. నేను ఈ ట్రిప్పుని ఇంత ఇష్టపడేది అందుకే.

మనం చెన్నైలో తిమింగలం అంటే చచ్చినదాన్నే చూశాం కదా. చిన్నప్పుడు ఎగ్మూరు మ్యూజియంలో నాన్న చూపించిన ఆ పెద్ద అస్థిపంజరం, దాని దవడ ఎముక పక్కన నిలబడి నేను ఎత్తు చూసుకోవడం నాకింకా గుర్తుంది. మంగుళూరు తీరానికి కొట్టుకొచ్చినదని అక్కడ రాసి ఉండేది. 2016 జనవరిలో తూత్తుకుడి తీరంలో 80కి పైగా పైలట్ తిమింగలాలు ఒడ్డుకి వచ్చి పడ్డాయి. ఆ ఊళ్ళ జాలర్లు రాత్రంతా వాటిని లోపలికి తోస్తే కొన్ని మళ్ళీ తిరిగొచ్చేశాయి. ఆ ఫొటోలు చూసి నువ్వు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని నాన్న చెప్పారు. బతికి, తన పిల్లతో ఆడుకుంటున్న తిమింగలాన్ని నువ్వు ఒక్కసారైనా చూడాలి.

డాల్ఫిన్ల సంగతీ అంతే. తొంభైల చివర్లో చెన్నై ఈసీఆర్ రోడ్డు మీద ఒక పార్కులో బల్గేరియా నుంచి డాల్ఫిన్లను తెచ్చి ట్యాంకులో ఆడించారు. సెలవుల్లో చూడ్డానికి వెళ్దామని నేను మారాం చేస్తుండగానే, నెలల్లోపే అవి చనిపోయాయని తెలిసింది. 2013లో మన ప్రభుత్వం దేశమంతా అలాంటి డాల్ఫిన్ షోలకు అనుమతి లేదని చెప్పేసింది. చాలా మంచి పని. ఇక్కడ చేపల వెంట అవి గుంపుగా వెళ్తుంటాయి, ఇష్టమైతే పడవ ముందు నీటి తోపుడు మీద కాసేపు తేలిపోతాయి, ఇష్టం లేకపోతే వెళ్ళిపోతాయి. ఎవరూ బంతి చూపించి ఆడించరు. ఈ బేలో మామూలు బాటిల్‌నోస్ డాల్ఫిన్లతో పాటు ఆస్ట్రేలియన్ హంప్‌బ్యాక్ డాల్ఫిన్ కూడా ఉంటుంది. అది వేరే జాతి అని తేల్చింది 2014లోనే. దాని దగ్గరి బంధువులు మన బంగాళాఖాతంలోనూ ఉన్నాయి.

నాన్నగారూ, ఇది మీకు. మాకు దగ్గర్లో టంగలూమా అని ఒక చోటుంది, మోర్టన్ దీవి మీద. ఇప్పుడక్కడ హోటల్, సాయంత్రం పూట డాల్ఫిన్లు ఒడ్డుకి వస్తాయి. 1952 నుంచి 1962 దాకా అది తిమింగలాలను కోసే కార్ఖానా. పదేళ్ళలో 6,277 హంప్‌బ్యాక్‌లను అక్కడ చంపారు. ఇక పట్టడానికి దొరక్కపోవడంతో మూసేశారు. ఈ తూర్పు తీరం వెంట వచ్చేవి అప్పటికి కొన్ని వందలే మిగిలాయంటారు. 1963 నుంచి ఇక్కడ వాటిని వేటాడడం ఆపారు, 1978లో ఆస్ట్రేలియాలో ఆఖరి కార్ఖానా కూడా మూతబడింది. ఇప్పుడు పదుల వేలల్లో ఉన్నాయి. 2022లో ప్రభుత్వం హంప్‌బ్యాక్‌ని ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచే తీసేసింది. మనుషులు చెయ్యి తీస్తే చాలు, అవి తిరిగి వచ్చాయి. మీరు ఎప్పుడూ పేపరు మడిచి "ఇక ఏదీ బాగుపడదు" అంటారు కదా, ఇది బాగుపడింది నాన్నా.

మీకు ఇంకొకటి కూడా దాచాను. చాలా పడవల్లో నీళ్ళలోకి ఒక మైకు వదులుతారు. మగ హంప్‌బ్యాక్‌లు పాడతాయి, ఆడవి పాడవు. ఒక తీరం మగవన్నీ ఒకే పాట పాడతాయి, అది ఏటా కొంచెం కొంచెం మారుతుంది. తొంభైల్లో ఒకసారి ఈ తూర్పు తీరం తిమింగలాలు తమ పాట మొత్తం వదిలేసి, పశ్చిమ తీరం నుంచి వచ్చిన కొన్ని పాడిన పాటని రెండేళ్ళలో నేర్చేసుకున్నాయి. మార్గళి కచేరీల్లో ముందు వరసలో కూర్చునే మీకు ఇది చెప్పకుండా ఉండలేను. మనం వెళ్ళినప్పుడు వినపడితే అదృష్టం.

అమ్మా, మళ్ళీ నీకే. భోజనం గురించి బెంగ వద్దు. వాళ్ళు పెట్టేది శాండ్‌విచ్, కేకు, పళ్ళు. మనం పులిహోర, దద్దోజనం కట్టుకుని వెళ్దాం, ముందే అడిగితే ఏమీ అనరు. ప్రయాణంలో కడుపులో తిప్పకుండా వేసుకునే మాత్ర బయల్దేరే ముందే వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే అంతగా పనిచెయ్యదు. నీకు బీపీ మాత్రలున్నాయి కాబట్టి ఏది వేసుకోవచ్చో మన డాక్టరు గారిని అడిగి, రాయించుకుని తీసుకురా. పొద్దున్నే ఖాళీ కడుపుతో ఎక్కకూడదు, రెండు ఇడ్లీలు తినాలి. పడవలో ఉన్నప్పుడు దూరంగా ఆకాశం, నీళ్ళు కలిసే గీత వైపే చూస్తూ ఉంటే టెన్షన్ తగ్గుతుంది, కడుపూ కుదుటపడుతుంది. లైఫ్ జాకెట్లు అందరికీ ఉంటాయి. అడిగితే మొదటి నుంచి చివరిదాకా వేసుకునే కూర్చోవచ్చు, నేనూ నీ పక్కన వేసుకుంటాను. ఎండ బాగానే ఉన్నా నీళ్ళ మీద గాలి చల్లగా కొడుతుంది, ఊలు శాలువా పెట్టుకో. చీర కన్నా చుడిదార్ అయితే మెట్లు ఎక్కడం తేలిక. హవాయి చెప్పులు వద్దు, తడి డెక్ మీద జారతాయి. వెనక పట్టీ ఉన్న చెప్పులు పాండీబజారులో తీసుకో.

పూర్తిరోజు ట్రిప్పు వద్దు, సగం రోజుది చాలు. ముందురోజు రేవుకి వెళ్ళి పడవ చూద్దాం. కట్టేసి ఉన్నప్పుడే ఎక్కి కూర్చుని చూడ్డానికి ఒప్పుకుంటారా అని నేను వాళ్ళని అడిగాను, సరే అన్నారు. అక్కడ కూర్చున్నాక కూడా నీకు వద్దనిపిస్తే, మర్నాడు నేను నీతో ఒడ్డునే ఉంటాను. నాన్న, మా ఆయన, చింటూ వెళ్తారు. దానికి నేను ఏమీ అనుకోను, ఇంకెవర్నీ అననివ్వను.

చిన్న పడవ కాబట్టి సీట్లు తొందరగా అయిపోతాయి. స్కూలు సెలవులు మొదలయ్యే ముందు వారం అయితే జనం కూడా తక్కువ. జూన్ మొదటి వారం లోపల నీ మాట చెప్పు, అయిదు సీట్లు బుక్ చేస్తాను. నాన్న పాత బైనాక్యులర్స్ బీరువా పై అరలో ఉండాలి. వాటిని ఆయన తెస్తే చింటూకి ఇచ్చేసి, తనకి చూపు సరిపోతుందని అంటారు. తెమ్మను, అవసరం పడతాయి.

అత్తయ్యకి, మేడ మీద మామీ వాళ్ళకి నా నమస్కారాలు.

నీ
సుధ